గుఱ్ఱపు రోగముల సచిత్ర గ్రంథములు: బొమ్మ నిలుచును, మందు మాఱును

మన సహకార సంఘముల గ్రంథాలయములలో ఎరువులను గూర్చిన పుస్తకములు కలవు. విత్తనముల పట్టికలు కలవు. ఆవులను, గేదెలను గూర్చిన కరపత్రములు కలవు. గుఱ్ఱమును గూర్చిన పుస్తక మొక్కటియు మాకుఁ గానరాలేదు. "ఇప్పుడు గుఱ్ఱము లెక్కడ నున్నవి? వానికి పుస్తక మెందులకు?" అని చదువరులు నవ్వవచ్చును. అందుకు తగిన కారణమును లేకపోలేదు. జట్కాబండ్ల కాలము గడచినది. 2012వ సంవత్సరపు పశుగణనలో మన దేశమందు 6 లక్షల 25 వేల గుఱ్ఱములు, తట్టువలు ఉండఁగా, 2019వ సంవత్సరపు గణనలో అవి 3 లక్షల 40 వేలకు దిగినవి. ఏడేండ్లలో దాదాపు సగము తగ్గినవి.

అయినను మిగిలిన గుఱ్ఱము తన యజమానునకు అన్నము పెట్టుచునే యున్నది. విశాఖ మన్యములో బండి పోలేని కొండదారులందు బియ్యపు మూటలను, సంత సామానును తట్టువలే మోయుచున్నవి. పెండ్లి ఊరేగింపులకు గుఱ్ఱము నడుపువారును, సముద్రపు టొడ్డున పిల్లల నెక్కించి త్రిప్పువారును ఒక్కొక్క జంతువు మీఁదనే సంసారము నీడ్చుచున్నారు. గుఱ్ఱములు తగ్గిన కొలఁది వానిని గూర్చిన యెఱుకయు తగ్గినది. నడక చూచియే నొప్పి యెచ్చట నున్నదో చెప్పఁగలిగిన జట్కావారును, లాడములు కొట్టుచు డెక్కను వేలితో తట్టి లోపము కనిపెట్టువారును ఇప్పుడు అరుదు. గ్రామ పశువైద్యుఁడు నూఱు గేదెలను చూచునప్పుడు గుఱ్ఱము నొక్కదానిని చూచుటయే యెక్కువ. కావున పుస్తకముయొక్క యవసరము తగ్గలేదు, పెరిగినది. అయితే ఎట్టి పుస్తకము? దాని నెట్లు చదువవలెను? ఇదియే మేము ఈ మాసమున విన్నవింపఁదలఁచిన విషయము.

మమ్ము ఈ వ్రాతకు పురికొల్పిన సంగతిని ముందుగాఁ జెప్పుదుము. అందలి తప్పులో మాకును పాలు కలదు. పసుపు పంట పనిమీఁద మన్యపు గ్రామ మొకదానికిఁ బోయినప్పుడు, ఆంగ్లము చదువ నేర్చిన ఒక రైతు కుమారుఁడు తమ తట్టువను గూర్చి యెన్నియో ప్రశ్నలడిగెను. మేము సంతసించి, నూఱేండ్లకు పైబడిన ఒక సచిత్ర గ్రంథము చేతిఫోనులో ఉచితముగా దొరకునని చెప్పి, దానిని తెఱచి చూపితిమి. బొమ్మలు చక్కఁగా నున్నవని పొగడితిమి. అందులో దేనిని నమ్మవలెనో, దేనిని నమ్మరాదో మాత్రము చెప్పలేదు.

కొన్ని నెలలకు మరలఁ బోవునప్పటికి తట్టువ లేదు. జరిగిన దేమనఁగా, దాని డెక్కలో మేకు గ్రుచ్చుకొని, గాయము పైకి మానినట్లు కనఁబడెను. సుమారు పది దినములకు నడక బిగుసుకొనెను. బాలుఁడు పుస్తకము తెఱచి, ముందుకాళ్లు చాఁచి కదలలేక నిలిచిన గుఱ్ఱపు బొమ్మను చూచెను. అది డెక్కలోపలి మెత్తని పొరలు వాచెడి లామినైటిస్ అను రోగపు బొమ్మ. దాని క్రింద వ్రాసిన చికిత్స ప్రకారము మెడనుండి రక్తము తీసి, ముసాంబరము నీటఁ గలిపి వెదురుగొట్టముతో నోటఁ బోసిరి. దవడలు బిగియ నారంభించినవని వారు గ్రహింపలేదు. మూఁడవ దినమున వచ్చిన పశువైద్యుఁడు దాని కంటిని చూచిన వెంటనే ధనుర్వాతమని చెప్పెను. అప్పటికి ఆలస్యమైనది. "అయ్యా, మీరు చూపిన పుస్తకములో నున్నట్లే చేసితిమి గదా" అని ఆ బాలుఁ డడిగినప్పుడు మాకు సమాధానము తోఁపలేదు. "బాబూ, అది మాకు గుఱ్ఱము గాదు, సంతకు పోవు దారియే" అని తండ్రి యనెను.

ఆ బాలుఁడు పుస్తకమును తెఱచుట తప్పు గాదు. బొమ్మకును దాని క్రింది మందునకును ఒకే విలువ యిచ్చుట తప్పు. ఆ భేదమును చెప్పవలసిన మేము చెప్పకుండుట అంతకంటె పెద్ద తప్పు. ఈ గ్రంథముల చరిత్రను కొంచెము తెలిసికొన్నచో ఈ భేదము స్పష్టమగును.

ఇటలీ దేశమున బొలోన్యా నగరపు సభికుఁడైన కార్లో రూయినీ గుఱ్ఱమును గూర్చి వ్రాసిన గొప్ప గ్రంథము 1598లో అచ్చుపడెను. అందు మొదటి భాగము శరీర నిర్మాణము. రెండవ భాగము రోగములు, చికిత్సలు. కొయ్యపై చెక్కి అచ్చువేసిన మొదటి భాగపు బొమ్మలను పండితులు నేఁటికిని మెచ్చుచున్నారు. ఇంగ్లండున ఆండ్రూ స్నేప్ 1683లో ప్రకటించిన గుఱ్ఱపు శరీర శాస్త్రములోని బొమ్మలలో పెక్కింటికి మూలము రూయినీ బొమ్మలే. రెండవ భాగములోని చికిత్సలనో, నేఁడు ఏ వైద్యుఁడును చేయఁడు. ఒకే మనుష్యుఁడు ఒకే గ్రంథమున వ్రాసిన వానిలో, కంటితో చూచి గీసినది నిలిచినది. ఆ కాలపు నమ్మకముపై చెప్పినది పోయినది.

ఇంగ్లండు దేశపు చిత్రకారుఁడు జార్జి స్టబ్స్ వైద్యుఁడు గాఁడు. అతఁడు 1756 మొదలు లింకన్‌షైరులోని ఒక పల్లెలో సుమారు 18 నెలలు చచ్చిన గుఱ్ఱములను పొరపొరగాఁ గోసి చూచి, బొమ్మలు గీసి, రేకులపై తానే చెక్కి, 1766లో పుస్తకముగాఁ బ్రకటించెను. అందు మందు ఒక్కటియు లేదు. ఎముకలు, కండరములు, రక్తనాళములు మాత్రమే. అందువలననే కాఁబోలు, అతని గ్రంథమునకు వార్ధకము రాలేదు.

మన దేశమునందును శాలిహోత్రుని పేరను, నకులుని పేరను అశ్వశాస్త్రములు కలవు. నకులుని అశ్వశాస్త్రమును తంజావూరు సరస్వతీ మహలు వారు 1952లో వర్ణచిత్రములతోఁ బ్రకటించిరి. తెనుఁగున మనుమంచిభట్టు హయలక్షణములను పద్యములలోఁ జెప్పెను. ఇవి మనకు గర్వకారణములే. అయినను ఇట్టి శాస్త్రములు రంగులకును సుడులకును ఇచ్చిన ప్రాధాన్యమును ఇప్పటికిని పట్టుకొని, సుడులు లెక్కించి గుఱ్ఱమును కొని, దాని డెక్కలను ఒక్కసారియైనను ఎత్తి చూడనివారు మనలోఁ గలరు. సుడి శుభమైనను డెక్క చీలినచో బరువు మోయునా? పాత గ్రంథమును గౌరవించుట వేఱు. దానిని చేతఁబట్టుకొని సంతలో బేరమాడుట వేఱు.

కర్షకుని కొఱకే వ్రాయఁబడిన సచిత్ర గ్రంథములలో అమెరికా ప్రభుత్వ వ్యవసాయ శాఖవారు గుఱ్ఱపు రోగములపై 1890లోఁ బ్రకటించిన ప్రత్యేక నివేదికను ముందుగాఁ జెప్పవలెను. పలువురు పశువైద్యులు తలకొక భాగముగా దానిని వ్రాసిరి. 1916లోను, 1942లోను, మఱి కొన్ని పర్యాయములును సంస్కరించి అచ్చువేసిరి. 1916 కూర్పులో మొదటి ప్రకరణము ఏ రోగమును గూర్చియు గాదు. రోగముతో నున్న గుఱ్ఱము నెట్లు పరీక్షింపవలెనో తెలుపునది. ఈ క్రమమే మాకు ఎక్కువ నచ్చినది. మందు తరువాత, ముందు చూపు.

మఱియొక గ్రంథము మన దేశముతో సంబంధము గలది. ఇచ్చట సైన్యములోఁ బనిచేసిన కాప్టెన్ హొరేస్ హేస్ గుఱ్ఱముల యజమానుల కొఱకు పశువైద్య సూచనలను 1877లోఁ బ్రకటించెను. అతఁడు 1904లో మరణించెను, పుస్తకము మరణింపలేదు. తరువాతివారు దానిని మరల మరల సంస్కరించుచు రాఁగా, 2002లో 18వ కూర్పు వెలువడెను. పేరు ఒక్కటియే యైనను మొదటి కూర్పులోని మందులకును కడపటి కూర్పులోని మందులకును నడుమ నూటయిరువదియైదేండ్ల శాస్త్రము కలదు. పుస్తకము కొనునప్పుడు పేరుతోపాటు కూర్పు సంవత్సరమును చూడవలెనని మేము చెప్పుటకు కారణ మిదియే.

పాత గ్రంథములలోని చికిత్స యెట్టిదో చెప్పకున్న మా మాట అతిశయోక్తిగాఁ దోఁచును. నూఱేండ్ల క్రిందటి గుఱ్ఱపు వైద్యములో వత్సనాభి, పాషాణము, పాదరసపు లవణములు, ముష్టి గింజల సత్తు, సీసపు లవణములు సామాన్యముగా వాడిన మందులు. కొలఁతలో కొంచెము తప్పినచో ఇవి విషములు. స్నాయువు బెణికిన కాలికి ఎఱ్ఱగాఁ గాల్చిన ఇనుముతో వాతలు పెట్టుటయు, బొబ్బలెక్కించు లేపములు పూయుటయు గొప్ప చికిత్సలని యెంచుచుండిరి. ఇంగ్లండున 1983లోఁ బ్రకటింపఁబడిన పరిశోధన ఒకటి, వాతలవలన స్నాయువు మేలుగా అతుకదని తేల్చినది. మన పల్లెలలో పశువునకు వాత పెట్టువారిని మాన్పుటకు మే మెంతయో పాటుపడుచుండఁగా, అదే వాత ఆంగ్ల గ్రంథములో బొమ్మతోఁ గూడ వచ్చినప్పుడు చదువుకొన్నవారు శిరసావహించుట విచారకరము.

ఇఁక బొమ్మలవలన నిజముగా నేమి ప్రయోజనమో చెప్పుదుము. మొట్టమొదట ఆరోగ్యముగా నున్న గుఱ్ఱమును ఎఱుఁగవలెను. విశ్రాంతిగా నున్న పెద్ద గుఱ్ఱమునకు నాడి నిమిషమునకు 28 మొదలు 44 వఱకు, ఊపిరి 8 మొదలు 16 వఱకు, శరీరపు వేఁడి ఫారన్‌హీటు కొలఁతలో సుమారు 99.5 మొదలు 101.5 వఱకు ఉండును. దవడయెముక క్రిందిభాగమున వేలు పెట్టి నాడి చూడవచ్చును. తమ జంతువుయొక్క సహజమైన అంకెలను ముందే వ్రాసి యుంచుకొన్నవానికి జబ్బు మొదటి దినముననే తెలియును.

తరువాత నాలుగు బొమ్మలు కంఠస్థము కావలెను. ఒకటి కడుపునొప్పి: కాలితో నేల గీరుట, డొక్కవైపు మరల మరల చూచుట, పడుకొని లేచుట, దొర్లుట, చెమట పట్టుట. గుఱ్ఱము ఎద్దువలె నెమరు వేయదు. దానికి కడుపు ఒక్కటియే. వాంతి చేసికొనుటకు అది అశక్తము. కావున ఎద్దునకుఁ జేసినట్లు గొట్టముతో మందు పోయక, మేత తీసివేసి వైద్యునకు కబురంపవలెను. రెండవది లామినైటిస్: ముందుకాళ్లు చాఁచి బరువును మడమల మీఁదికి, వెనుకకాళ్ల మీఁదికి త్రోయును, డెక్కలు వేఁడిగా నుండును. గింజ దాణా మితిమీఱి తినుట దీనికి ముఖ్యకారణములలో నొకటి. మూఁడవది ధనుర్వాతము: నాలుగు కాళ్లును కొయ్యగుఱ్ఱమువలె ఎడముగా బిగియును, చెవులు నిక్కును, తోఁక కొంచెము లేచి నిలుచును, కంటి మూలనుండి తెల్లని మూఁడవ రెప్ప కంటిపైకి వచ్చును. నడక బిగుసుకొనుట రెండవ బొమ్మకును మూఁడవ బొమ్మకును సామాన్యము. భేదము కంటియందును, చెవులయందును, తోఁకయందును కలదు. ఆ తట్టువను చూచినవా రెవరును దాని కంటిని చూడలేదు. నాలుగవది స్ట్రాంగిల్స్: జ్వరము, ముక్కున చీము, దవడ క్రింద గడ్డ. ఇది అంటురోగము, జబ్బుదానిని వేఱుగాఁ గట్టవలెను.

బొమ్మ చెప్పలేనివియుఁ గలవు. జోరీఁగల వలన వ్యాపించు సర్రా రోగములో జ్వరము వచ్చుచుఁ బోవుచుండును. గుఱ్ఱము క్రమముగాఁ జిక్కును. కాళ్లును పొట్ట క్రిందును వాచును. గ్రిఫిత్ ఎవాన్స్ అను సైనిక పశువైద్యుఁడు 1880లో, నేఁడు పాకిస్థానమునందున్న డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో, జబ్బు గుఱ్ఱముల రక్తమును సూక్ష్మదర్శినితోఁ జూచి అందు చలించు జీవులను కనిపెట్టెను. అంతకుముందు ఎంత చక్కఁగా బొమ్మ గీసినను దీని కారణము తెలియలేదు. నేఁడును రక్తపరీక్షయే దీనికి సాక్ష్యము.

గ్లాండర్సు మఱింత భయంకరము. ముక్కులో పుండ్లు, అవి మానినచోట నక్షత్రమువంటి మచ్చలు, కాళ్లపై త్రాడువలె లేచు గడ్డలు సచిత్ర గ్రంథములలోఁ గానవచ్చును. మొదట ఇదియు ముక్కుచీమువలెనే కనఁబడును గావున స్ట్రాంగిల్స్ అని పొరపడుదురు. ఇది గుఱ్ఱమునుండి మనుష్యునకును సోఁకి ప్రాణము తీయును. మన దేశమునందు 2006లో మహారాష్ట్రమున మరలఁ దల యెత్తి, పిమ్మట పలు రాష్ట్రములలోఁ గనఁబడినది. ఇచ్చట బొమ్మ చెప్పు మాట ఒక్కటియే: "తాఁకకుము, తెలియఁజేయుము." 2009వ సంవత్సరపు అంటురోగముల చట్టము ప్రకారము రోగము నిశ్చయమైన జంతువును చంపవలసియుండును, పరిహారమునకు ఏర్పాటు కలదు. నష్టమునకు వెఱచి దాఁచువారు తమ బిడ్డలనే అపాయమునకు ఒప్పగించుచున్నారు.

"అరకొర చదువు అపాయకరము గదా, రైతునకు బొమ్మలు చూపి మీరే నాటువైద్యులను తయారు చేయుదురా?" అని కొందఱు వైద్యులు మమ్ము అడిగిరి. ఆక్షేపణ న్యాయమైనదే. మే మనునది రైతు వైద్యుఁడు కావలెనని గాదు. వైద్యుని ఎప్పుడు పిలువవలెనో, పిలిచి ఏమి చెప్పవలెనో ఎఱుఁగవలెనని. "గుఱ్ఱమునకు బాగులేదు" అను కబురునకును, "మేకు గ్రుచ్చుకొని పది దినములైనది, కంటిపై తెల్లని పొర వచ్చినది" అను కబురునకును చాల భేదము కలదు. రెండవ కబురు విన్న వైద్యుఁడు ధనుర్వాతపు విరుగుడు మందును సంచిలోఁ బెట్టుకొనియే బయలుదేరును. మేకు గ్రుచ్చుకొన్న నాఁడే కబురంపినచో గాయమును శుభ్రపఱచి, సూదిమందు వేసి, రోగమును రాకుండఁజేయుటకు అవకాశము మెండు. ముందుగా టీకా వేయించినచో భయమే తగ్గును.

కావున మన సంఘములకు మా సూచన లివి. గుఱ్ఱములుగాని గాడిదలుగాని గల సభ్యులున్న ప్రతి సంఘమును, స్థానిక పశువైద్యుని సలహాపై, ఇటీవలి కూర్పైన సచిత్ర గ్రంథము నొకదానిని కొని యుంచవలెను. పాత గ్రంథము లున్నచో వాని అట్టపై అచ్చైన సంవత్సరమును పెద్ద అంకెలతో వ్రాసి, చికిత్స పుటలను దారముతోఁ గుట్టివేయవలెను. బొమ్మల పుటలను మాత్రము తెఱచి యుంచవచ్చును. ఫోనులో చదువు పిల్లలకు ఈ కట్టుబాటును నోటితో నేర్పవలెను. అచ్చట దారము పనిచేయదు గదా. మఱియు, పైని చెప్పిన బొమ్మలను మన తట్టువల ఛాయాచిత్రములతోనే, తెనుఁగు మాటలతో, ఒక గోడపటముగాఁ దయారుచేసి సంఘపు కార్యాలయమునను సంతపాకలోను వ్రేలాడఁగట్టవలెను. పరదేశపు పుస్తకములలోని భారీ గుఱ్ఱములను చూచి మన పొట్టి తట్టువను పోల్చుకొనుట అందఱికిని సులభము గాదు. పటము అడుగున మందుపేరు ఒక్కటియు ఉండరాదు. పశువైద్యశాల చిరునామాయు, సంచార పశువైద్యమునకై ప్రభుత్వము వా రిచ్చిన 1962 అను ఫోను సంఖ్యయు ఉండవలెను.

"గుఱ్ఱము గుడ్డిదైనను దాణా తప్పదు" అని మన పెద్దల సామెత. దాణాకు వెచ్చించుచునే యున్నాము. దాని కంటిని చూచుటకు నేర్పు బొమ్మకుఁ గొంచెము వెచ్చించుట భారము గాదు. ఆ బాలుఁడు ఇప్పుడు మఱియొక తట్టువను పెంచుచున్నాఁడు. దానికి టీకా వేయించినాఁడు. పాత పుస్తకమును తుడిచివేయలేదు. బొమ్మలు చూచి, మందు పుటలను దాటిపోవుచున్నాఁడు. మేము మొదటనే చెప్పవలసినదానిని అతఁడు నష్టపడి నేర్చికొనెను. ఇతర సభ్యులు నష్టపడకయే నేర్తురు గాక యని విన్నవించుచున్నాము.